గ్రహణివ్యాధి పరిశోధనమున గురుశిష్య సమాజము

చెన్నపురికి ఉత్తరభాగమున, రాయపురమునకు ఆవల, సముద్రమునకు సమీపమున తొండియారుపేట యున్నది. తొండి యను ఊరినుండి వచ్చి యీ ప్రాంతమున నివసించిన గుణంగుడి మస్తాన్ సాహెబను సూఫీకవిని జనులు 'తొండియారు' అని గౌరవముతో పిలిచిరనియు, ఆ పేరే పేటకు నిలిచినదనియు పెద్దలు చెప్పుదురు. రేవుపనికిని, రైలుపనికిని, మిల్లుపనికిని వచ్చిన తెలుగు కుటుంబములు ఈ ఉత్తర చెన్నపురియందు తరతరములుగా స్థిరపడియున్నవి. ఈ పేటయందే నగరపాలక సంస్థవారి సాంక్రామిక వ్యాధుల ఆసుపత్రి కలదు. వాంతిభేది మొదలగు అంటువ్యాధులతో వచ్చిన పేదలకు అది ఆశ్రయము.

వాంతిభేదికి మూలము నీటియందున్నది. 1872లో రెడ్‌హిల్స్ చెఱువునుండి నగరమునకు నీరు తెచ్చు ఏర్పాటు జరిగెను. 1914లో కీల్పాకమున ఆ నీటిని ఇసుకలో వడగట్టు పద్ధతి నెలకొల్పబడెను. అయినను కడుపువ్యాధులు తొలగలేదు. 1992లో చెన్నపురియందే కలరా సూక్ష్మజీవియొక్క ఓ139 అను క్రొత్తరకము బయల్పడి, వంగదేశమునకును తక్కిన ఆసియా దేశములకును వ్యాపించెను. అంతకు పూర్వము పెద్ద మహమ్మారులను కలిగించు శక్తి ఓ1 రకమునకు మాత్రమే కలదని వైద్యులు తలచియుండిరి. తెలిసినదని తలచిన వ్యాధియందును తెలియనిది మిగిలియుండునని ఆ సంఘటనము బోధించినది.

ఒక పేటలో ఆసుపత్రి యుండుట యొకటి. ఆ వ్యాధి యేల వచ్చుచున్నదని యడుగువారు కొందఱు కూడి, ఆ ప్రశ్నను తమ తరువాతివారికి అప్పగించుట మఱియొకటి. మొదటిదానిని ప్రభుత్వము కట్టింపగలదు. రెండవది కట్టడము కాదు, సమాజము. జీర్ణకోశ వ్యాధుల పరిశోధనమున అట్టి సమాజమెట్లు ఏర్పడినదో, అందు యువశాస్త్రజ్ఞులెట్లు తయారైరో ఒక్క వ్యాధియొక్క చరిత్రను పట్టుకొని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ వ్యాధి గ్రహణి. పాశ్చాత్య వైద్యులు దానిని ఉష్ణమండలపు స్ప్రూ అందురు. దాని చరిత్రలో ఆంధ్రుల పాలు గొప్పది. ఆ చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయము చెన్నపురియందే ఆరంభమైనది.

1. చెన్నపురిలో ఒక రోగి

గ్రహణియందు చిన్నప్రేగు లోపలిపొర చెడి, తిన్న ఆహారములోని సారమును గ్రహింపజాలదు. విరేచనములు విడువవు, నాలుక పుండువడును, రక్తము క్షీణించి దేహము పాలిపోవును. రోగి తినుచునే శుష్కించును. వాంతిభేది ఒకటి రెండు దినములలో ప్రాణము తీసిన, గ్రహణి నెలల తరబడి పీడించి తీయును.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షను వారు మూడవ ప్రయత్నమున, తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నతపాఠశాలనుండి, దాటగలిగిరి. పిదప ప్రెసిడెన్సీ కళాశాలయందును, మద్రాసు వైద్యకళాశాలయందును చదివిరి. ఆ కాలముననే వారి సోదరులు గ్రహణికి బలియైరి. తామును ఆ వ్యాధికే లోనైరి. కళాశాలలో నేర్చిన వైద్యము గుణమీయలేదు. చెన్నపురియందు ప్రసిద్ధులైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రదికిరి. పాశ్చాత్య వైద్యమును చదువుచున్న విద్యార్థికి తన శాస్త్రము చాలనిచోటు తన దేహముననే కనబడినది. 'గుణమేల కలిగెను? ఏ పదార్థమువలన కలిగెను?' అను ప్రశ్న వారిని బ్రదుకంతయు విడువలేదు.

సుబ్బారావుగారు ఖద్దరు ధరించి తరగతికి పోవుట శస్త్రచికిత్సాచార్యునకు రుచింపలేదనియు, అందుచే వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము లభించెననియు వారి జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆ పట్టముతో ప్రభుత్వవైద్యశాఖలో స్థానము దొరకలేదు. అప్పుడు వారిని ఆదుకొన్నది లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాల. అందు వారు శరీరశాస్త్రము బోధించిరి. ఈ లక్ష్మీపతిగారి సతీమణియే రుక్మిణీ లక్ష్మీపతి. ఆమె 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున చెన్నరాష్ట్ర ప్రజారోగ్యశాఖను నిర్వహించిరి.

సుబ్బారావుగారు అమెరికాకు పోవుట ఒక్కరి సంకల్పమున జరిగిన పని కాదు. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనము కూర్చిరి. కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయము చేయుటకు అంగీకరించినది. ఆ సత్యలింగ నాయకరుగారు రంగూనుకు పోయి, వర్తకమున ఆర్జించిన ధనమును విద్యకును ధర్మమునకును వ్రాసియిచ్చిన దాత. బర్మా రేవులో ఒక ఆంధ్రుడు కూడబెట్టిన ధనము బోస్టను నగరమున మఱియొక ఆంధ్రుని చదువునకు ఊతయైనది. పరిశోధనాలయము గోడలు లేచుటకు పూర్వమే దాని పునాది ఇట్టి చేతులలో పడుచుండును.

2. గురువునకు శిష్యుడు

1920ల తొలినాళ్లలో సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యశాలలో చేరిరి. రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్టపోసికొనిరి. పిదప జీవరసాయనశాస్త్రమున సైరస్ ఫిస్కే అను ఆచార్యుని కడ పనిచేసిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత కలదో రంగుయొక్క గాఢతను బట్టి కొలుచు పద్ధతిని ఆ యిరువురు 1925లో ప్రకటించిరి. నేటికిని ప్రపంచమునందలి విద్యార్థులు దానిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని నేర్చుచున్నారు. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్ను 1927లోను, సమస్త ప్రాణికోశములకు శక్తినాణెమగు ఏటీపీని 1929లోను వారు ప్రకటించిరి. ఏటీపీని అదే యేట జర్మనీలో లోమన్ స్వతంత్రముగా కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు లభించెను.

ఈ ఘట్టమునకు రెండు ముఖములు కలవు. గురువు పేరును శిష్యుని పేరును ఒక్క పద్ధతిపై చేరి నిలిచినది; ఇది శుభము. కాని సుబ్బారావుగారు వేఱుచేసిన కొన్ని పదార్థములు ఆనాడు వెలుగు చూడక, తరువాత ఇతరులచే మరల కనుగొనబడవలసివచ్చెననియు, దానికి ఫిస్కేగారి ఈర్ష్యయే కారణముగా తోచుచున్నదనియు ఆ ప్రయోగశాలయందే పనిచేసిన జార్జి హిచింగ్స్ తరువాతికాలమున చెప్పిరి. హిచింగ్స్ 1988లో నోబెలు బహుమానము పొందిన శాస్త్రజ్ఞుడు గనుక ఆ మాటను త్రోసిపుచ్చరాదు. హార్వర్డున సుబ్బారావుగారికి స్థిరమైన పదవియు లభింపలేదు. శిష్యుని పని వెలుగులోనికి తెచ్చు గురువుండవచ్చును. చీకటిలో నుంచు గురువుండవచ్చును. తాము గురుస్థానమునకు వచ్చినపుడు సుబ్బారావుగారు ఏ త్రోవను పట్టిరన్నదే ముఖ్యము.

3. పర్ల్ రివరున 16 పేర్లు

1940లో వారు న్యూయార్కు రాష్ట్రమునందలి పర్ల్ రివర్ అను ఊర లెడర్లీ పరిశోధనాలయమున చేరి, కొలదికాలములోనే దాని పరిశోధనాధ్యక్షులైరి. గ్రహణిరోగికి కావలసిన పదార్థము ఏదియను ప్రశ్నకు అప్పటికే కొంత త్రోవ ఏర్పడియుండెను. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1928 మొదలుకొని బొంబాయిలో, మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారమిచ్చిన గుణము కలుగుచున్నదని కనుగొనెను. 1941లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అను మువ్వురు పాలకూరను పోలిన ఆకుకూరనుండి ఒక పదార్థమును తీసి, లాటిను భాషలో ఆకను అర్థమునిచ్చు పదమునుండి దానికి ఫోలికామ్లమని పేరిడిరి. కాని అది దొరకునది అత్యల్పము. దాని నిర్మాణమును తెలిసికొని, రసాయనశాలలో తయారు చేసినగాని రోగులకు చాలదు.

ఇచ్చట ఒక చిన్న జీవి సాయపడినది. పాలను పులియజేయు జాతిలోని ఒక సూక్ష్మజీవి ఫోలికామ్లము లేనిదే పెరుగదు. కావున ఏ ద్రవమునందు అది పెరిగిన, దానియందు ఆ పదార్థము కలదని తెలియును. ఎంత పెరిగిన అంత కలదని కొలువవచ్చును. పశువుల కాలేయమునుండి ఆ పదార్థమును శుద్ధిచేయువాడొకడు, దాని ముక్కలను గుర్తించువాడొకడు, ఆ ముక్కలను మరల కూర్చువాడొకడు, సూక్ష్మజీవిని పెంచి ఫలితమును పరీక్షించువాడొకడు కావలెను. ఒక్కరు చేయగల పని కాదు.

ఆ పని 1945లో నెరవేరి, 'సైన్స్' పత్రికలో ప్రకటింపబడినది. వ్యాసకర్తలు 16 మంది. లెడర్లీవారి 8 పేర్లును అక్షరక్రమమున ముందు వచ్చినవి, ఆంగియర్ మొదటివాడు. పిదప దాని అనుబంధ రసాయనశాలకు చెందిన 8 పేర్లును అట్లే అక్షరక్రమమున వచ్చినవి. పరిశోధనాధ్యక్షులగు సుబ్బారావుగారి పేరు ఏడవది. గ్రహణిచే సోదరులను కోల్పోయి, తాము చావు తప్పించుకొని, రెండు దశాబ్దములకు పైగా ఆ ప్రశ్నను మోసినవారు తమ పేరును వర్ణమాల ఎచ్చట నుంచిన అచ్చటనే యుంచుకొనిరి. యువకులు కనుగొన్నది యువకులదిగనే లోకమునకు తెలియుట వారి పరిపాలన పద్ధతి. వారి పేరు సామాన్యులకు నేడును అంతగా తెలియకపోవుటకు ఇదియు నొక కారణము.

ఆ సమాజమున యువకులకు మాత్రమే గాక వృద్ధులకును చోటుండెను. విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడుగా విశ్రాంతి పొందిన బెంజమిన్ డగ్గరుకు లెడర్లీ పని కల్పించినది. అప్పటికాయన 70 ఏండ్లు దాటినవాడు. ఆయన 1945లో ఒక మట్టి నమూనాయందు కనుగొన్న బంగారువన్నె సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ తయారై 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ కుటుంబపు ఔషధములలో అదియే మొదటిది. 1947లో బోదకాలు క్రిములను చంపు హెట్రజాను అచ్చటినుండియే వచ్చినది. గోదావరి మండలములలోను చెన్నపురిలోను ఆ వ్యాధి యెట్టిదో చెప్పనక్కఱలేదు. ఫోలికామ్లమునకు విరోధముగా పనిచేయు పదార్థములను సయితము ఆ బృందము తయారుచేయగా, బోస్టనునందు సిడ్నీ ఫార్బరు వానితో పిల్లల రక్తక్యాన్సరుకు చికిత్స ఆరంభించి, ఫలితములను 1948లో ప్రకటించెను.

టామ్ స్పైస్ మొదలగు వైద్యులు క్యూబా, పోర్టోరికో ద్వీపములలో గ్రహణిరోగులకు ఫోలికామ్లమిచ్చి చూచిరి. రోగుల నాలుకలు మానెను, రక్తము వృద్ధిపొందెను, ఆకలి పుట్టెను. అయితే ఫోలికామ్లమొక్కటియే చాలలేదు. ప్రేగులోని సూక్ష్మజీవులను అణచుటకు టెట్రాసైక్లిన్ను కూడ చేర్చుట తరువాత వైద్యులకు అనుభవసిద్ధమైనది. నేటికిని ఉష్ణమండల గ్రహణికి ఈ రెండే ముఖ్యౌషధములు. మొదటిది లెడర్లీయందు తయారైనది. రెండవదాని కుటుంబమునకు మూలపురుషుడును అచ్చటనే పుట్టెను. చెన్నపురిలో రోగిగా పడకపైనున్న విద్యార్థి అడిగిన ప్రశ్నకు, ఆయన కూర్చిన సమాజము రెండు చేతులతోను సమాధానమిచ్చినది.

1948 ఆగస్టున సుబ్బారావుగారు 53వ యేట నిద్రలోనే మరణించిరి. వారు స్వదేశమునకు తిరిగి రానేలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. ఈ చరిత్రలోని వెల ఆమెయు చెల్లించినది. దానిని మఱచుట న్యాయము కాదు. శతజయంతి వత్సరమగు 1995లో భారతప్రభుత్వము సుబ్బారావుగారి తపాలాబిళ్లను వెలువరించినది.

4. వెల్లూరున రెండవ సమాజము

అమెరికాలో ఔషధము దొరకినను దక్షిణదేశమున వ్యాధి మిగిలియుండెను. 1960ల తొలిసంవత్సరములలో ఉత్తర ఆర్కాటు మండలపు గ్రామములందు గ్రహణి మహమ్మారివలె ప్రబలెను. ఆ మండలము చిత్తూరు మండలమునకు ఆనుకొనియున్నది. అందు తెలుగు కుటుంబములు అనేకములు. 1900లో ఐడా స్కడర్ అను వైద్యురాలు వెల్లూరున ఒక్క పడకతో ఆరంభించిన వైద్యశాల అప్పటికి క్రైస్తవ వైద్యకళాశాలగా పెరిగియుండెను. సెల్విన్ బేకర్ అను వైద్యుడును, వి. ఐ. మాథన్ అను శాస్త్రజ్ఞుడును వెల్కమ్ ధర్మనిధి సాయముతో అచ్చట జీర్ణకోశ పరిశోధనశాలను పెంచిరి. వారు రోగి వచ్చువఱకు వేచియుండక గ్రామములకు పోయిరి; ఏ యింట ఎవరికి ముందు వచ్చినదో, పిదప ఎవరికి సోకినదో వ్రాసికొనిరి. వ్యాధి సోకుచున్న తీరునుబట్టి దానికి అంటుగుణము కలదని తేలినది.

అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మఱియొకటి బయటపడినది. ఆరోగ్యవంతులుగా కన్పట్టు గ్రామస్థుల చిన్నప్రేగు పొరయును పాశ్చాత్యుల ప్రేగుపొరను పోలియుండలేదు. మలినజలము నడుమ పెరిగిన ప్రేగు రోగము లేకయే కొంత దెబ్బతినియుండును. ఒక గ్రామమునకు శుద్ధజలము లేకుండుట ఆ గ్రామస్థుల ప్రేగులలో వ్రాయబడియుండునని దీని భావము. తొండియారుపేటకును ఈ మాట వర్తించును.

వెల్లూరి పరిశోధనశాల ఒక తరముతో ముగియలేదు. బేకరుతో పనిచేసిన మాథను పిదప దానిని నడిపెను. తరువాతి తరమున గగన్‌దీప్ కాంగ్ అను వైద్యురాలు, ఆ కళాశాలయందే వైద్యము చదివి 1998లో డాక్టరేటు పొంది, పసిపిల్లల అతిసారమునకు ముఖ్యకారణమగు రోటావైరసును పరిశోధించెను. వెల్లూరి పేదవాడలలో 373 మంది శిశువులను పుట్టుకనుండి మూడేండ్ల వయస్సు వఱకు ఆ బృందము వెన్నాడినది. పనివారు వారమునకు రెండుమారులు ఇంటింటికి పోయి తల్లులను విచారించిరి. పని ఫలితము 2011లో అమెరికాయందలి ప్రముఖ వైద్యపత్రికలో ప్రకటితమైనది. అందు మొదటిపేరు ఆ బృందములోని యొక పరిశోధకురాలిది. కాంగ్‌గారి పేరు చిట్టచివర. 2019లో ఆమె లండను రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి భారతీయ మహిళ యయ్యెను. పర్ల్ రివరున ఏడవస్థానమునకును, వెల్లూరున చివరిస్థానమునకును ఉన్న పోలికను గమనింపవలెను.

ఆ పరిశోధనశాలకు మూలబలము పరికరములు మాత్రమే కావు. మూడేండ్లపాటు విసుగక తలుపు తీసిన తల్లుల నమ్మకమే అందఱికంటె ముందున్నది. ఇంటింటికి తిరిగిన పనివారు ఆ వాడల భాషను, కష్టమును ఎఱిగినవారు గావలెను. అట్టి నమ్మకమునకు ఒక్క మాటతప్పు చాలును. ఏండ్లు గడచినను మరల చేకూరదు.

5. భాగ్యనగరమునకు చేరిన ఫలము

రోటావైరసు టీకా కథయు అట్టిదే. 1985లో ఢిల్లీయందు ఎం. కె. భాన్ గారి బృందము నవజాతశిశువులనుండి తీసిన 116ఇ అను వైరసు జాతినుండి హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ టీకా తయారుచేసినది. ఢిల్లీ, పూనా, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై దానిని పరీక్షించిరి. 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమమున అది మొదట ప్రవేశించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తమిళనాడునకు 2017లో వచ్చినది. నేడు తొండియారుపేటలోని తల్లి తన శిశువునకు చుక్కలు వేయించునపుడు, వెల్లూరి తల్లుల ఓర్పును ఆ చుక్కలయందు కలదు.

హైదరాబాదునందే ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ అను జీర్ణకోశ వైద్యపరిశోధన సంస్థను డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు స్థాపించిరి. వారు విశాఖపట్టణమున 1956లో జన్మించి, కర్నూలు వైద్యకళాశాలయందును, పిదప మద్రాసు వైద్యకళాశాలయందును చదివినవారు. అనేక దేశముల యువవైద్యులు ఎండోస్కోపీ విద్యను అభ్యసించుటకు అచ్చటికి వచ్చుచున్నారు. 2025లో ప్రభుత్వము వారికి పద్మవిభూషణ బిరుదమిచ్చినది. సుబ్బారావుగారు చదివిన కళాశాలయందే చదివిన మఱియొక ఆంధ్రుడు, పరదేశమునకు పోయి స్థిరపడక, పరదేశీయులనే తనకడకు రప్పించుట కాలములోని మార్పును తెలుపుచున్నది.

6. తొండియారుపేటకు దీనివలన నేమి?

ఈ చరిత్రనుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: పరీక్షలో తప్పిన బాలుడు శాస్త్రమునకు పనికిరాడను నిర్ణయము తప్పు. హిందూ ఉన్నతపాఠశాల మూడవ అవకాశము ఈయకున్న, ఫోలికామ్లపు చరిత్ర మఱియొక విధముగా నుండెడిది. రెండవది: యువకుని పైకి పంపినది ఒక్క దాతయు, ఒక్క గురువును కాదు; వైద్యుడు, మామ, ధర్మసంస్థ, విదేశీయాచార్యుడు ఒకరి చేతినుండి ఒకరు అందుకొనిరి. మూడవది: సమాజము నిలుచుట పెద్దవారు తమ పేరును ఎచ్చట నుంచుకొందురన్నదానిపై ఆధారపడియున్నది.

2006లో తమిళనాట తమిళబోధనను నిర్బంధము చేసిన శాసనము వచ్చిన పిదప, అల్పసంఖ్యాక భాషాపాఠశాలలలో తెలుగు చదువు బాలబాలికల మార్గము ఇఱుకైనది. తల్లిభాషలో ఆలోచించి, తమిళములో వీధిని, ఆంగ్లములో శాస్త్రమును చదువవలసిన పిల్లలు వీరు. వీరిలో ఒక్కడు ఒకమారు తప్పిన, వాని చదువు రేవుపనికో దుకాణపు పనికో మళ్లుట సులభము. మళ్లనీయక ఆపుటకు పెద్ద నిధులక్కఱలేదు. ప్రతి తెలుగు వైద్యుడును, రసాయనశాస్త్రజ్ఞుడును ఏటికి ఒక్క బాలుని గాని బాలికను గాని తన పని చూపించుటకు వెంటబెట్టుకొని పోవలెను. సాంక్రామిక వ్యాధుల ఆసుపత్రి ప్రక్కనే పెరుగు పిల్లలకు నీటిచుక్కను సూక్ష్మదర్శినిలో చూచు అవకాశము కల్పింపవలెను. పరీక్ష తప్పినవానికి రెండవయేటి రుసుమును తెలుగు సంఘములు భరింపవలెను.

ప్రేగుపొరపై కలుషితజలము వ్రాసిన వ్రాత ఉత్తర చెన్నపురియందు ఇంకను పూర్తిగా చెరుగలేదు. దానిని చదువవలసినవారు ఇచ్చటి పిల్లలే. వారిలో నెవరి పేరైనను ఒకనాడు 16 పేర్ల వరుసలో ఏదో యొకచోట నుండిన చాలును. అది ఎన్నవదని యడుగువారు సుబ్బారావుగారి వరుసను ఒకమారు చూడవలెను.